‘జోకరు’ చలనచిత్రము – ప్రేక్షకసిద్ధి విచారము

నాట్యశాస్త్రమున 27వ యధ్యాయము సిద్ధిని గుఱించినది. ప్రయోగము ఫలించెనో లేదో ప్రేక్షకులవలననే తెలియవలయునని తలఁచి భరతముని సిద్ధిని మానుషి యనియు దైవికి యనియు రెండువిధములుగ విభజించెను. చిఱునవ్వు, అట్టహాసము, ‘సాధు’ ‘అహో’ ‘కష్టము’ అను పలుకులు, కలకలము, గగుర్పాటు, ఆసనమునుండి లేచుట, వస్త్రములను ఉంగరములను విసరుట మున్నగునవి మానుషి. రంగము నిండియుండియు శబ్దము గాని క్షోభము గాని లేకుండుట దైవికి. ఈ విభాగము ప్రాచీనరూపకములకే కాని చలనచిత్రములకుఁ జెల్లదని కొందఱు తలంతురు. నాకట్లు తోఁచదు. ఇటీవలి చిత్రములలో ‘జోకరు’ పొందినంత విరుద్ధమగు ప్రేక్షకాదరమును దిరస్కారమును బొందినది మిక్కిలి యరుదు. కావున నా చిత్రమునే యుదాహరణముగఁ గొని యీ విషయమును విచారింతును.

టాడ్ ఫిలిప్స్ దర్శకత్వమున, వాకీన్ ఫీనిక్స్ నాయకుఁడుగ నటించిన యీ యమెరికాచిత్రము 2019 ఆగస్టు 31వ తేదీన వెనీసు చిత్రోత్సవమున మొదటిసారి ప్రదర్శింపఁబడి, సెప్టెంబరు 7వ తేదీన నచ్చటి యగ్రపురస్కారమగు స్వర్ణసింహమును బడసెను. బాట్‌మన్ కథలలోని ప్రతినాయకుఁడే యిందు నాయకుఁడు. 1981వ సంవత్సరమున, గోథమ్ అను కల్పితనగరములో, ఆర్థర్ ఫ్లెక్ అనువాఁడు విదూషకవేషమున జీవనము గడపుచు, రోగిష్ఠియగు తల్లిని బోషించుకొనుచుండును. అతనికొక వ్యాధి కలదు. దుఃఖము వచ్చినను, భయము వచ్చినను ఆఁపరాని నవ్వు వచ్చును. ఆ సంగతి వ్రాసిన చీటి నొకదానిని దగ్గఱనుంచుకొని యెదుటివారికిఁ జూపుచుండును. ధనము లేదన్న కారణమున నగరమువారు అతనికి మందులిప్పించు కార్యాలయమును మూయుదురు. రైలులోఁ దన్ను హింసించిన ముగ్గురిని అతఁడు చంపును. తల్లి తన్ను మోసగించినదని తెలిసికొని యామెను జంపును. తుదకుఁ దాను తండ్రివలెఁ దలఁచిన హాస్యప్రదర్శకుని, లోకమెల్లఁ జూచుచుండఁగా, తుపాకితోఁ గాల్చును. ఒక మనుష్యుని మనస్సు పోగుపోగుగ విడిపోవుటయే కథ.

ఈ చిత్రము వెలువడకమునుపే భయము పుట్టెను. 2012 జులై 20వ తేదీన, కొలరాడో రాష్ట్రమున అరోరా పట్టణములో, వేఱొక బాట్‌మన్ చిత్రము ప్రదర్శింపఁబడుచుండఁగా నొకఁడు తుపాకితోఁ బండ్రెండుగురిని జంపెను. ఆ మృతుల బంధువులు కొందఱు 2019లో నిర్మాణసంస్థకు లేఖ వ్రాసి, తుపాకివ్యాపారుల పక్షము వహించు రాజకీయనాయకులకు ధనసహాయము చేయవలదని కోరిరి. చిత్రమును నిషేధింపుఁడని వారు కోరలేదు. ఆ దుర్ఘటన జరిగిన ప్రదర్శనశాలలో నీ చిత్రము ప్రదర్శింపఁబడలేదు. ఇతరనగరములలోఁ బ్రదర్శనశాలలయొద్ద రక్షకభటుల కాపు హెచ్చింపఁబడెను. భయపడినంత ఘోరము జరుగలేదు.

రెండవ ప్రతిక్రియ దీనికి విపరీతము. ఆ యేఁటి శరత్కాలముననే బైరూతు, శాంటియాగో, హాంగ్‌కాంగు నగరములలో ప్రభుత్వములకు నెదురుతిరిగిన జనులలోఁ గొందఱు ముఖములకు జోకరు రంగులు పూసికొని వీథులలో నిలిచిరి. ఆర్థరు నృత్యము చేసిన మెట్లు న్యూయార్కులోని బ్రాంక్సు భాగమున నుండఁగా, జనులు యాత్రకువలె నచ్చటికిఁ బోయి యట్లే యాడి ఛాయాచిత్రములు తీయించుకొనిరి. చిత్రము నూఱుకోట్ల డాలరులకు మించి యార్జించెను. ఒకఁడు నశించుటను జూపిన కథ పలువురకు విజయధ్వజ మయ్యెను. ఇది 1976నాఁటి ‘టాక్సీ డ్రైవర్’, 1982నాఁటి ‘ది కింగ్ ఆఫ్ కామెడీ’ చిత్రములకుఁ బేలవమగు ననుకరణమని తిరస్కరించిన విమర్శకులును గలరు. ఆ పోలిక సత్యమే. కాని పోలికను జెప్పినంతమాత్రమున ఫలవిచారము ముగియదు.

భయపడినవారును, ధ్వజమెత్తినవారును జూచినది యొక్కని నేనా? రసప్రతీతికిఁ గలుగు విఘ్నములను అభినవగుప్తుఁడు ఏడింటిని లెక్కించెను. రంగమునఁ గనఁబడు దానిని ‘ఇది నాది’, ‘ఇది పరునిది’ అని దేశకాలవిశేషములతో ముడివెట్టుకొనుట వానిలో నొకటి. తన సొంత సుఖదుఃఖములకు వశుఁడగుట మఱియొకటి. అరోరా బంధువులకు నీ రెండవ విఘ్నము సంభవించె నన్నచో నది వారికి దోషము కాదు. పుత్రశోకముతో నున్నవారిని సహృదయులై రసాస్వాదము చేయుఁడని యడుగుట క్రౌర్యము. శాస్త్రము విఘ్నమును విఘ్న మన్నదే కాని దుఃఖితుని నిందింపలేదు. ముఖమునకు రంగు పూసికొన్నవారి సంగతి వేఱు. వారికి మొదటి విఘ్నము గలిగెను. ఆర్థరు కోపమును దమ కోపముగ స్వీకరించి, అతని దైన్యమును విడిచిపెట్టిరి. కరుణమునకు నాలంబనమగు వానిని వీరమునకు నాలంబనముగఁ జేసికొనిరి.

ఇందు దర్శకుని దోషము లేదనరాదు. ఆర్థరుచేఁ జచ్చువారందఱు నించుమించుగ నతనికిఁ గీడు చేసినవారే. ప్రేక్షకుని తులను దర్శకుఁడు ముందే యొకవైపునకు వంచెను. మెట్లపై నృత్యమును నతఁడు విజయోత్సవమువలెనే చిత్రించెను. కాని యదే చిత్రమున నాతఁడొక హెచ్చరికయుఁ జేసెను. పొరుగింటి యువతి సోఫీ ఆర్థరును బ్రేమించినట్లును, తల్లి పడకయొద్ద నతనికిఁ దోడుగఁ గూర్చుండినట్లును మనము కన్నులారఁ జూతుము. పిమ్మట నదంతయు నతని కల్పన యని తెలియును. చిత్రమునందలి తురగమును గుఱ్ఱమని తలఁచు జ్ఞానము సత్యమును గాదు, మిథ్యయు సంశయమును సాదృశ్యమును గాదని శ్రీశంకుకుఁడు చెప్పెను. ఇచ్చటఁ జిత్రతురగములోపల మఱియొక చిత్రతురగము గలదు. ప్రేక్షకుఁడు రోగి కన్నులతోఁ జూచుచుండియుఁ దన కన్నులతోఁ జూచుచున్నా ననుకొనెను. ఇంతగ మోసపోయినవాఁడు, తుదిని జనసమూహ మాతనిని గారుపై నిలిపి జయజయధ్వానములు చేయునప్పుడు, ఇదియు నట్టి కలయేమో యని శంకింపవలదా? ధ్వజమెత్తినవారు ఆ శంకను మఱచిరి.

చిత్రమునకుఁ బ్రాణమని నాకుఁ దోఁచు ఘట్టము వేఱొకటి. తల్లి మరణించెనని విని రాండల్, గారీ అను నిద్దఱు తోడివేషధారులు పరామర్శకు వత్తురు. ఆర్థరు కత్తెరతో రాండలును జంపును. గారీ మఱుగుజ్జు, గోడమూల నొదిఁగి వణఁకును. నిన్నేమియుఁ జేయను, పొమ్మని యార్థరు చెప్పును. గారీ తలుపుదాఁకఁ బోవును. కాని పైనున్న గడియ యతనికి నందదు. హంతకునివైపు దిరిగి, తలుపు తీయుమని యడుగవలసివచ్చును. ఇచ్చటఁ బ్రేక్షకునకు నవ్వు వచ్చును. వచ్చిన నవ్వు పెదవిపైననే చచ్చును. ఎవని యెత్తును జూచి లోకము జీవితమెల్ల నవ్వెనో వానిని జూచి, ప్రాణభయములో నున్నప్పుడు, నేనును నవ్వితినే యని సిగ్గు గలుగును. ఆర్థరు నవ్వును ఆఁపుకొనలేఁడు. ఆ క్షణమున మనమును ఆఁపుకొనలేకపోతిమి. నన్ను దయతోఁ జూచినవాఁడవు నీవొక్కఁడవే యని చెప్పి యార్థరు గారీ తలపై ముద్దిడి తలుపు తీయును. ప్రదర్శనశాల నిశ్శబ్ద మగును. అట్టహాసము మానుషి, దాని వెనువెంట వచ్చిన యీ నిశ్శబ్దమే దైవికి. రైలుహత్యల పిమ్మట స్నానశాలలో నార్థరు మెల్లగ నాడు నృత్యమును నిట్టిదే. హిల్దుర్ గుద్నదోత్తిర్ ముందుగఁ గూర్చిన సంగీతమును విని నటుఁడందు మాట లేకుండ దేహముతోనే యభినయించెను. ఈ సంగీతమునకును నా నటనమునకును 2020లో ఆస్కారు పురస్కారములు లభించెను.

ఈ నిర్ణయమునకు 2024 అక్టోబరులో వెలువడిన రెండవ చిత్రము సాక్ష్యము. అందు నార్థరు చెఱలో నుండి విచారణకు వచ్చును. జోకరు వేషమున న్యాయస్థానమునఁ దానే వాదించుకొనుచు గారీని బ్రశ్నించును. నాఁటినుండి నిద్ర లేదనియు, తన్ను ఎగతాళి చేయనివాఁడు ఆర్థరొక్కఁడే యనియు గారీ చెప్పును. పిమ్మటఁ గొంతసేపటికి నార్థరు వేషమును విడిచి, జోకరనువాఁడు లేఁడనియు, హత్యలు చేసినది తాననియు నొప్పుకొనును. అతనినిఁ బ్రేమించిన లీ యను స్త్రీ ఆ మెట్లమీఁదనే యతనిని విడిచిపోవును. ఆమె కోరినది జోకరును, ఆర్థరును గాదు. తుదకు నతఁడు చెఱలో నొక యువకుని కత్తికి బలియగును.

వెలుపలి ప్రేక్షకులును లీ చేసినట్లే చేసిరి. తొలినాఁటి ప్రేక్షకుల యభిప్రాయమును సేకరించు సినిమాస్కోర్ సంస్థ లెక్కలో మొదటి చిత్రమునకు ‘బి ప్లస్’ రాఁగా, దీనికి ‘డి’ వచ్చెను. రాబడి మొదటిదానిలో నించుమించు నైదవవంతు. ఈ తిరస్కారమంతయుఁ బ్రేక్షకదోషమే యనఁజాలను. పాటలు కథను ముందుకు నడపవు. విచారణ మిక్కిలి సాగినది. కాని గారీ పలుకులకుఁ గరఁగిన యార్థరును జూచి, ఇతఁడు మా వాఁడు కాఁడని జనులు విసుగుకొనుట ఆలోచింపఁదగినది. 2019లో వారు చేసిన జయధ్వానము ఆర్థరునకుఁ గాదని యిప్పుడు తేలినది.

కావున నొక చిత్రము ఫలించెనా యని తెలిసికొనుటకుఁ గలకలమును, ఆర్జనమును, రంగుముఖములను లెక్కించుట చాలదు. అవి మానుషీసిద్ధికి లక్షణములు; వానిని భరతుఁడు త్రోసివేయలేదు, కాని తుదిమెట్టుగఁ జెప్పలేదు. ‘జోకరు’ చిత్రమునకుఁ దుదిమెట్టు ఆ గడియ యందని తలుపునొద్దనే కలదు. అచ్చట నవ్వి, నవ్వినందులకు సిగ్గుపడి, ఊరకుండిన ప్రేక్షకుఁ డొక్కఁడున్నను ప్రయోగము సిద్ధించినట్లే. విజ్ఞులు దీనిని బరిశీలింతురుగాక.