గొంతు సరిపోలేదట! - నటుల ఎంపికలో కులం

'నటనకు కులం లేదు' అనే మాట మన నాటకరంగంలో తరచు వినబడుతుంది. ఆ మాట అనేది సాధారణంగా ఎంపిక చేసే బల్ల వెనక కూర్చున్నవాళ్ళే. చేతిలో కాగితం పెట్టుకుని, పేరు పిలిచేదాకా గోడకానుకుని నిలబడ్డవాళ్ళ నోట మేం ఇంతవరకూ వినలేదు. నాటకం గురించి మన విమర్శ ఇతివృత్తం మీద, రచయిత దృక్పథం మీద, మహా అయితే ప్రదర్శన మీద నడుస్తుంది. కానీ తెర లేవడానికి నెల ముందే, ఏదో ఒక గదిలో ఎవరు ఏ వేషం కట్టాలో తేలిపోతుంది. ఆ గది మీద విమర్శ లేదు. ఇతరుల్ని అనేముందు మా తప్పు చెప్పుకోవాలి కనుక అక్కణ్ణుంచే మొదలుపెడతాం.

గుంటూరు ప్రాంతంలో ఒక చిన్న పట్టణాన్ని ఆనుకుని ఉన్న పల్లెలో ఏప్రిల్ 14కి నాటకం వేద్దామనుకున్నాం. నాటకం మేం కలిసి రాసుకున్నదే. బోయి భీమన్న 'పాలేరు' చూసి పిల్లల్ని బడికి పంపామని చెప్పే తరం కథలు మన పేటల్లో ఇంకా బతికే ఉన్నాయి. దొర దగ్గర పనిచేసే పాలేరు చదువుకుని అధికారి కావడం ఆ రోజుల్లో స్టేజి మీద చూడటం చిన్న సంగతి కాదు. మా నాటకమూ ఆ దారిలోదే. కాకపోతే చదువుకోబోయే కొడుకు కన్నా, కూలి డబ్బుల కోసం దొర గుమ్మంలో నిలబడ్డ తల్లి చుట్టూ ఎక్కువ తిరుగుతుంది.

ఎంపికకి ఫిబ్రవరి చివర ఒక ఆదివారం పొద్దున 10 గంటలని పెట్టాం. అది మిరపకోతల కాలం. కోతలకు ఆదివారమేంటి? పేట ఆడవాళ్ళందరూ తెల్లారకముందే ఆటోల్లో వెళ్ళిపోయారు. ఇది మాకు ముందు తట్టనే లేదు. వచ్చినవాళ్ళు ఎక్కువగా కాలేజీ కుర్రాళ్ళు. ఆడవాళ్ళు నలుగురే. వాళ్ళలో ముగ్గురు చదువుకునే పిల్లలు, ఒకామె మాత్రం జొరమొచ్చి ఆ రోజు కోతకు పోని కూలి మనిషి.

అందరిచేతా ఒక పేజీ చదివించాం. ఆమెకు చదువు రాదు. మాలో ఒకరు మాట అందిస్తే తిరిగి చెప్పింది. 'దేశం' అన్నచోట 'దేసం' అంది, 'శాంతి' అన్నచోట 'సాంతి' అంది. ఇంకోసారి చెప్పమన్నాం. మళ్ళీ అంతే. "అక్కా, ఇది స్టేజి మీద చెప్పాల్సిన మాట గదా" అన్నాం. ఆమె మా వంక చూసి, "అది కాదు సారూ, ఆ తల్లి కూడా నాలాంటి కూలోళ్ళ మడిసే గదా? ఆమెట్టా అంటదో నేనూ అట్టాగే అంటన్నా" అంది. నవ్వుకున్నాం. కాగితం మీద 'వాచికం లేదు' అని రాసుకున్నాం. తల్లి వేషం ఇంటర్ చదివే అమ్మాయికి ఇచ్చాం. ఇంకో సంగతి కూడా చెప్పాలి. దొర వేషానికి, పెద్ద చర్చ లేకుండానే, వచ్చినవాళ్ళలో తెల్లగా ఉన్న కుర్రాణ్ణి తీసుకున్నాం. పాలేరుకి నల్లనివాణ్ణి. ఆ బల్ల దగ్గర అగ్రవర్ణస్థుడు ఒక్కడూ లేడు, అందరం మనవాళ్ళమే!

నాటకం రోజు ఆ అమ్మాయి ఒక్క అక్షరం తప్పు పోలేదు. తల్లి వచ్చి దొరని కూలి అడిగే ఘట్టంలో నడిమధ్యకు వచ్చి, తిన్నగా నిలబడి, జనం వైపు తిరిగి చెప్పింది. ముందు వరసలో నేల మీద కూర్చున్న ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. "కూలడగటానికి అట్టా నిలబడతారంటే?" అని ఒకామె పైకే అంది. ఎంత పక్కకు ఒదిగి, గుమ్మానికి ఎంత దూరంలో, చూపు ఎక్కడ పెట్టి, కొంగు ఎట్లా పట్టుకుని నిలబడాలో ఆ ముందు వరసకంతా తెలుసు. మేం పరీక్ష పెట్టింది మాత్రం 'శ'కారానికి.

ఈ 'వాచికం' ఎక్కణ్ణుంచి వచ్చింది? నాట్యశాస్త్రం భాషలనే పాత్రల అంతస్తును బట్టి పంచిపెట్టింది. రాజుకూ బ్రాహ్మణుడికీ సంస్కృతం. ఆడవాళ్ళకూ కింది పాత్రలకూ ప్రాకృతాలు. 'మృచ్ఛకటికం'లో చారుదత్తుణ్ణి చంపడానికి తీసుకుపోయే ఇద్దరు చండాలురు ఎంత మనసున్నవాళ్ళైనా వాళ్ళ నోటికి వాళ్ళ ప్రాకృతమే. అదే నాట్యశాస్త్రం చివర భరతుడి కొడుకులు ఋషుల్ని వెక్కిరించి, శూద్రులు కమ్మని శాపం తింటారు. అంటే నటుణ్ణి కిందికి తోసింది వాళ్ళే, ఆ కిందివాడు ఏ భాష మాట్లాడాలో నిర్ణయించింది కూడా వాళ్ళే. ఆధునిక రంగస్థలం ఈ పంపకాన్ని తలకిందులు చేయలేదు. శిష్టభాష వస్తే హీరో, యాస ఉంటే కామెడీ. మనం పేట నాటకంలో కూడా అదే కొలబద్ద పట్టుకు కూర్చున్నాం.

పద్యనాటకం సంగతి ఇంకా చిత్రం. బలిజేపల్లి లక్ష్మీకాంతం 'హరిశ్చంద్ర' మన పల్లెల్లో ఎంత నాటుకుపోయిందో చెప్పక్కర్లేదు. కాంట్రాక్టు నాటకాల్లో ఒకటో హరిశ్చంద్రుడు, రెండో హరిశ్చంద్రుడు వేరు వేరు. కాటి సీను చేసే నటుడికున్న గిరాకీ వేరు. ఆ కాటి సీనులో జనం వన్స్ మోర్ కొట్టేది జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలకు. అంటరానివాడని అవమానపడ్డ కవి పద్యాలు లేకపోతే ఆ సీనే లేదు. కానీ సీను లోపల దుఃఖమంతా దేని మీద నిలబడింది? రాజు చండాలుడి కొలువులో పడ్డాడన్న దాని మీద. ఆ చండాలుడు వీరబాహుడి వేషానికి మనిషిని ఎంచేటప్పుడు చాలాచోట్ల చూసేది ఒళ్ళు, రంగు, అరుపు. చేతిలో కల్లుకుండ, తూలే నడక. శ్మశానంలో రోజూ పనిచేసేవాడి గంభీరం ఆ వేషంలో మేం చూసిన ప్రదర్శనల్లో ఒక్కదానిలోనూ కనబడలేదు. మన పల్లెల్లో హరిశ్చంద్ర పద్యాలు శ్రుతిలో ఎత్తుకోగలవాళ్ళకు కొదవ లేదు. వాళ్ళు హరిశ్చంద్రుడు కావడానికి పడే కష్టం ఎంతో, వీరబాహుడు కావడం అంత తేలిక.

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాళ్ళకూరి నారాయణరావు 'చింతామణి'ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తున్నదని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పారు. నిషేధాల్ని మేం సమర్థించం. కానీ వీరబాహుడి గురించి ఇన్నేళ్ళలో ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు చూశారా!

'అయితే నైపుణ్యం అక్కర్లేదా?' అని మిత్రులు అడుగుతారు. కావాలి. కానీ నైపుణ్యం ఎక్కడ తయారవుతుంది? చిందు భాగోతంలో ఎంపిక పరీక్ష లేదు. చిందువాళ్ళ పిల్లలు నడక నేర్చే వయసు నుంచీ రంగు, తాళం, అడుగు చూస్తూ పెరుగుతారు. 2005లో చనిపోయిన చిందు ఎల్లమ్మ మగ వేషాలు కూడా కట్టి మెప్పించారు. గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆ విద్య మాదిగలను ఆశ్రయించి బతికిన ఉపకులానిది, జాంబపురాణం ఆడేది వాళ్ళే. దీన్ని ఆదర్శమని చెప్పటం లేదు. పుట్టుకతో అంటగట్టిన కళ సంకెల కూడా. మేం చెప్పేదల్లా, నేర్చుకునే వ్యవధి ఇచ్చాక ఎంచడం వేరు, ఎంచాక వ్యవధి ఇవ్వడం వేరు. మన ఎంపికలు రెండో రకం. కూలికి పోకుండా రోజూ సాయంత్రం ఆరింటికి రిహార్సల్‌కి రాగలవాడే 'ప్రతిభావంతుడు' అవుతాడు.

మరుసటి ఏడు పద్ధతి మార్చాం. రాత్రి తొమ్మిది తర్వాత, పేట నడిమధ్య, లైటు కింద పెట్టుకున్నాం. కాగితం లేదు. "మీకు జరిగింది ఒకటి చెప్పండి, తర్వాత చేసి చూపించండి" అన్నాం. తర్వాత వేషాలు మార్పించాం, కూలి దొర కావాలి, దొర కూలి కావాలి. అక్కడ మేం ఊహించనిది బయటపడింది. దొరని చేసేటప్పుడు మనవాళ్ళకు తిరుగులేదు. కుర్చీలో వెనక్కి వాలడం, పేరు పిలవకుండా 'ఒరే' అని గాల్లోకి అనడం, నోట్లు లెక్కపెడుతూ మధ్యలో ఆపి ఇంకేదో మాట్లాడటం - బతుకంతా చూసినవాళ్ళకు నేర్పాల్సిందేముంది? దళిత నటుడు దళిత పాత్రకే పనికొస్తాడన్న వాదన మనలో కూడా కొందరు చేస్తున్నారు. వాళ్ళు ఆ రాత్రి అక్కడుండాల్సింది.

అందరికన్నా బాగా చేసింది ఒక పెద్దాయన. వేషం నీదే అంటే ఒప్పుకోలేదు. "పొద్దున్నే మళ్ళా ఆళ్ళ చేలోకే పోవాల గదయ్యా" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు.

మా లోపలి సంగతి ఒకటి మిగిలింది. పాత్రల పట్టిక రాశాక మా మిత్రుడొకరు చూసి, ముఖ్యమైన వేషాలన్నీ మాలపల్లె వాళ్ళవే, డప్పులు మాత్రం మాదిగపల్లెవి, ఇదేంటన్నారు. నిజమే. డప్పు వాళ్ళను మేం పరీక్షించలేదు, వేషం కడతారా అని అడగనూ లేదు. ఊరికే పిలిచాం, వాళ్ళు వచ్చారు. 1994 నుంచి దండోరా అడుగుతున్న ప్రశ్న ఉద్యోగాలకే గానీ నాటకానికి తగలదనుకున్నాం కాబోలు! పట్టిక చింపేసి మళ్ళీ కూర్చున్నాం. కొందరికి కోపం వచ్చింది, ఇద్దరు మానేశారు.

ఆ మొదటి ఏడు 'వాచికం లేదు' అని మేం పక్కన పెట్టినామె ఇంటికి వెళ్ళి, తల్లి వేషం చెయ్యమని అడిగాం. మూడు రాత్రులు వచ్చింది. నాలుగో రాత్రి రాలేదు. పక్క మండలంలో కాయ ముదిరిందని మేస్త్రీ అక్కడే వారం రోజులు ఉంచేస్తున్నాడట. "కూలి పోతే ఎవరిస్తారని అడిగి రమ్మంది" అని చెల్లెలు వచ్చి చెప్పింది. అప్పటికప్పుడు చందా వేసుకుని నాలుగు రోజుల కూలి పంపాం. మిగతా రోజులకు చాల్లేదు. ఆ ఏడు తల్లి వేషం చెల్లెలు కట్టింది. గుమ్మానికి కాస్త ఎడంగా, స్తంభానికి ఒక భుజం ఆనించి నిలబడింది. ముందు వరస ఈసారి నవ్వలేదు.