శారద ఎన్నాళ్లుండాలి?

రోలు పెరటి మూలకు చేరింది. మన దేశంలో టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది. అంతకన్నా మెరుగైనది వచ్చేదాకానే ఏ వస్తువుకైనా ఆయుష్షు. మరి కథల్లోని స్త్రీల సంగతేమిటి? 'సజీవ పాత్ర' అని మెచ్చుకుని ఊరుకుంటాం గానీ ఎందుకు బతికుందని అడగం.

పి. సత్యవతి 'ఇల్లలకగానే...' కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. ఈ కథ గురించి మాట్లాడినప్పుడల్లా "ఇప్పటికీ వర్తిస్తుంది" అంటాం. నిజమే. అలికే నేల పోయి టైల్స్ వచ్చాయి, మిక్సీ, వాషింగ్ మెషీన్ వచ్చాయి. అయినా కేంద్రప్రభుత్వ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనికి రోజూ స్త్రీలు వెచ్చించే సమయం 2019లో 299 నిమిషాలు, 2024లో 289. మగవాళ్లది 97 నుంచి 88కి తగ్గింది! పనిముట్లు మారాయి, పని చేసే చెయ్యి మారలేదు. శారద బతికుండటానికి ఇదే కారణమైతే అందులో సాహిత్యం గొప్పేముంది? అది మన సమాజానికి సిగ్గు.

కానీ మధురవాణిని చూడండి. 'కన్యాశుల్కం' మొదటిసారి ప్రదర్శించింది 1892లో. గురజాడ సమూలంగా తిరగరాసి ప్రచురించింది 1909లో. డబ్బిచ్చి పసిపిల్లను కొనుక్కునే ఆనాటి ఆచారం పోయింది. దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రం 1947లో చట్టం చేసింది. నాటకం పుట్టడానికి కారణమైన సమస్య పాతబడినా మధురవాణి పాతబడలేదు. గిరీశాన్నీ రామప్పంతుల్నీ ఒక్క చూపుతో తూచి, నవ్వుతూనే వాళ్ల బండారం బయటపెట్టే ఆ తెలివి, ఆ మాట ఆమెను నిలబెట్టాయి.

అంటే పాత్ర తన సమస్యను దాటి బతకగలదు. శారదకూ ఆ శక్తి ఉంది. ఇంట్లో పోయిన వస్తువును వెతికినట్టు పేరు కోసం వెతకడంలోని వ్యంగ్యం, ఆ పేరు భర్త ద్వారా కాక పాత స్నేహితురాలి నోట తిరిగి దొరకడం, ఇకమీదట తనను ఆ పేరుతోనే పిలవమని ఇంటికొచ్చి భర్తకు చెప్పడం - వీటి గురించి మన విమర్శ ఎంత మాట్లాడింది? 'ప్రాసంగికత' అనే ఒక్క మాటతో కథను ముగించేసి, స్త్రీల రచనల్ని సమస్యల పట్టికలుగా మార్చింది మనమే కాదూ?

ఇంటి పని ఇద్దరిదీ అయిన రోజున కూడా ఎవరో ఒక అమ్మాయి ఆ కథ చదివి, "అయ్యో, పేరు మర్చిపోవడమేమిటి!" అని ఆశ్చర్యపోవాలి. అయినా పుస్తకం మూయకుండా శారద వెంట చివరిదాకా వెళ్లాలి. శారదకు నేను కోరుకునే చిరాయువు అది.