జపమా? ధ్యానమా?

మనస్సు మంత్రముచే నిలుచునా, ధ్యానముచే నిలుచునా యను ప్రశ్న మన యిండ్లలో తఱచుగా వినవచ్చుచుండును. అడుగువారు ఈ రెండును వేఱు బాటలనియు, మొదటిది పామరులకు, రెండవది పండితులకు నేర్పడినదనియు ముందే నమ్మి యడుగుదురు. రమణమహర్షి ‘ఉపదేశసారము’ చదివినవారి కీ నమ్మిక నిలువదు.

గ్రంథము ముప్పది శ్లోకములు మాత్రమే. మురుగనార్ కవి కోరికపై 1927లో మహర్షి దీనిని మొదట అరవమున రచించి, పిమ్మట తెనుగు, సంస్కృత, మలయాళములలో తానే వెలయించెను. కర్మలే సర్వమని గర్వించిన దారుకావన తాపసులకు శివుడు చేసిన బోధ యిది. అందు బిగ్గఱగా జేయు స్తోత్రముకంటె జపము మేలనియు, వినబడు జపముకంటె పెదవులలో నడచునది, దానికంటె మనస్సులో సాగునది మేలనియు చెప్పబడినది. ఆ మానసజపమునకే ధ్యానమని పేరు. ఆ ధ్యానమును తెగితెగి నడవక నేతిధారవలె సాగవలెను. అనగా జపము చిక్కబడి ధ్యానమగుచున్నదే కాని దానికి పగయగుట లేదు.

ఈ మాట మహర్షికి గ్రంథరచనకాలమున తోచినది కాదు. బొబ్బిలి ప్రాంతపు కలువరాయివాడైన కావ్యకంఠ గణపతిముని పెక్కేండ్లు మంత్రజపము చేసియు తపస్సన నేమో తెలియక, 1907 నవంబరులో అరుణాచలముపై విరూపాక్షగుహ కేగి యడిగెను. ‘నేను’ అనునది పుట్టుచోటును చూడుమని మొదట సమాధానము. జపముచేత కాదా యని మరల నడుగగా, మంత్రనాదము పుట్టుచోటును చూడుమని రెండవ సమాధానము. అంత పండితునిచేతిలోని మంత్రమును మహర్షి పాఱవేయింపలేదు. చూపును మాత్రము త్రిప్పెను.

ఆ చూపు లేని జపమెట్టిదో బడిపంతుళ్లమగు మాకు చక్కగా తెలియును. పండ్రెండవ యెక్కము తప్పులేక యప్పగించు బాలుని కన్నులు కిటికీవెలుపలి చెడుగుడుమీదనే యుండును. తావళము త్రిప్పుచు వంటయింటివారిపై కేకలువేయు పెద్దలును ఈ తరగతివారే. లక్ష పూర్తియైనదని వారు చెప్పుకొనుట నిజమే, లెక్క పూర్తియైనది.

2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన యొక పరిశోధనలో ఇరువదిముగ్గురిచే లాటినుభాషలోని మరియమాత ప్రార్థనను, బౌద్ధుల మణిమంత్రమును జపింపజేయగా, రెండింటను ఊపిరి నిమిషమునకు సుమారు ఆఱుసార్లకు తగ్గెను. ఈ మేలు ఒక్క మతమువారి సొత్తు కాదని దీనివలన తేలుచున్నది. స్త్రీలకు మంత్రాధికారము లేదనియు, దక్షిణ చెల్లింపనిదే మంత్రము ఫలింపదనియు చెప్పువారు దీనికేమందురో వినగోరుచున్నాము. అయినను ఊపిరి నెమ్మదించుటయే సిద్ధియనుకొనరాదు. ప్రాణనిరోధముచే మనస్సు వలలోని పక్షివలె అణగునని యొప్పుకొనియే, అట్లు లయించినది మరల లేచుననియు, నశించినది లేవదనియు మహర్షి హెచ్చరించెను.

గ్రంథమున మాకొక్క కొఱత తోచినది. పెదవిజపము మానసజపమగు మెట్టును ఒక్క శ్లోకార్ధముతో దాటించిరి. గృహస్థు తడబడునది అచ్చటనే. మనస్సులో జపించుచుంటినని తలచి కునికిపాట్లు పడువాడు తన స్థితిని గుర్తించుట యెట్లు? తెనుగున వ్యాఖ్య వ్రాయ పూనువారు వేదాంతపరిభాషను కొంత తగ్గించి, ఈ మెట్టును విప్పి చెప్పినచో మా యింటి ఆడువారుకూడ దానిని చదువుదురు.