నోట నిలిచే పాట: పురుషోత్తమ చౌదరి నుంచి నేటి ఆరాధన గాయకుల దాకా

నేటి తెలుగు క్రైస్తవ ఆరాధనలో గాయకుడి స్థానం పెద్దది. గిటారు, కీబోర్డు, తెరమీద పాట మాటలు, ముందు నిలబడి పాడించే మనిషి: ఇదీ దృశ్యం. ఈ గాయకులపై తరచు వినిపించే విమర్శ ఒకటుంది. పరాయి బాణీలు తెచ్చి తెలుగు పాటను చెడగొట్టారని. ఈ విమర్శ సగమే సరైనదని మా అభిప్రాయం. దాన్ని నిరూపించడానికి పురుషోత్తమ చౌదరి (1803-1890) కృషిని కొలబద్దగా తీసుకుంటున్నాం.

చౌదరి పర్లాకిమిడి ప్రాంతంవాడు. వంగదేశపు మూలాలున్న బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. తెలుగు, ఒడియా కలగలిసి వినిపించే సీమ అది. 1833లో బాప్తిస్మం పొంది సువార్త బోధకుడయ్యాడు. ఆయన రచించిన కీర్తనలు నూటికి పైగా ఉన్నాయి. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంకలనంలో అవి రాగతాళాల పేర్లతో అచ్చవుతూ, నేటికీ సంఘాల్లో వినిపిస్తున్నాయి. ఆనాడు మద్రాసు రాజధానిలో ఉన్న పర్లాకిమిడి 1936లో ఒరిస్సాలో చేరింది. మన రాజపాళయంవాడైన పి.ఎస్. కుమారస్వామిరాజా 1954-56లో గవర్నరుగా ఉన్నది ఆ రాష్ట్రానికే. తెలుగు నేల ఉత్తరపు అంచున పుట్టిన పాటను మనం దక్షిణాన, తమిళసీమలో కూర్చుని చదువుతున్నామన్నమాట.

చౌదరి కొత్త రూపాన్ని కల్పించలేదు. పల్లవి, చరణాలు, రాగతాళాలు అప్పటికే భజనల్లో జనానికి అలవాటైనవి. ఆయన వాటిలో తన విశ్వాసాన్ని నింపాడు. తంజావూరులో వేదనాయగ శాస్త్రి (1774-1864) తమిళంలో చేసిందీ ఇదే. కాబట్టి ఉన్న బాణీని అందుకోవడం తప్పయితే ఆ తప్పు పెద్దలతోనే మొదలైంది.

నేటి పాటకు ఒక లాభం కూడా ఉంది. 'ప్రేమించితివి' అన్న గ్రాంథిక రూపం ఇంటి తెలుగు మాత్రమే తెలిసిన మన విద్యార్థికి అడ్డు తగులుతుంది. 'ప్రేమించావు' అంటే వెంటనే అందుతుంది. ఈ దగ్గరితనాన్ని మేము చిన్నదిగా చూడం.

మరి నష్టం ఎక్కడ? మాటకు, స్వరానికి పొత్తు కుదరనిచోట. తెలుగులో హ్రస్వదీర్ఘాలు అర్థాన్ని మారుస్తాయి. 'పడెను' అన్నచోట మొదటి అక్షరాన్ని సాగదీస్తే 'పాడెను' అవుతుంది. కింద పడ్డవాడు గాయకుడైపోతాడు. పైగా మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. హల్లుతో ముగిసే ఇంగ్లీషు మాటలకు కట్టిన బాణీలో వాటిని ఇరికిస్తే ఒక అక్షరం మిగిలిపోతుంది. దాన్ని మింగడమో, లేని ఊనిక ఇవ్వడమో జరుగుతుంది. బాణీ పరాయిదైనందువల్ల కాదు, మాటను చెవితో తూచనందువల్ల వచ్చే దోషమిది. తూచి రాసిన కొత్త పాటలూ లేకపోలేదు.

రెండో తేడా జ్ఞాపకానికి సంబంధించింది. చౌదరి ఎదుట కూర్చున్నవారిలో చాలామందికి చదువు రాదు. పాట నోటికి రావాలి, లేకపోతే లేదు. యతిప్రాసలు, మళ్లీమళ్లీ వచ్చే పల్లవి అక్కడ అలంకారాలు కావు, ఆనవాళ్లు. తెర వచ్చాక ఆ అవసరం తగ్గింది. తెర ఆరిపోతే పాట ఎంతమంది నోట మిగులుతుంది?

ఈ ప్రశ్న క్రైస్తవులకు మాత్రమే కాదు. రాజపాళయంలో తెలుగు తరతరాలుగా నిలిచింది ప్రధానంగా నోటిమీదనే. పాటను తమిళ లిపిలో రాసుకుంటే ప, బ, భ అన్నిటికీ ఒకే అక్షరం. 'భయము' 'పయము'గా మారే ప్రమాదముంది. సరిగా విని నేర్చిన నోరే ఆ తేడాను కాపాడుతుంది.

అందుచేత ఆరాధన గాయకుడి కృషిని విలువకట్టేటప్పుడు వాద్యాన్నీ బాణీ పుట్టిన ఊరునూ పక్కన పెట్టాలి. అతని పాటను పుస్తకం, తెర లేకుండా ఒక ముసలమ్మ, ఒక పిల్లవాడు అర్థం చెడకుండా పాడగలరా అని చూడాలి. చౌదరి ఆ పరీక్షలో నెగ్గాడు. నేటివారిలో ఎవరు నెగ్గుతారో మన విద్యార్థులు విని తేల్చాలి.