రంగము యాత్రయు మన విస్మృతియు

ఆంధ్రుల వలసలను గూర్చి మన సంచికలలో వ్రాయువారు సాధారణముగా విజయనగర ప్రభువులతో ప్రారంభించి, మధుర, తంజావూరు నాయకులను స్తుతించి, అమెరికాలోని వైద్యులతోడను ఇంజనీర్లతోడను ముగింతురు. నడుమ నొక పుట చినిగిపోయినది. అది రంగూను కూలీల పుట.

కాకినాడ, విశాఖపట్టణము మున్నగు రేవులనుండి ఓడలెక్కి మనవారు బర్మాకు పోయిరి. కోరంగి రేవు పేరనే అచ్చటివారు వారిని 'కోరంగీ'లనిరి. 1931 జనాభా లెక్కల ప్రకారము రంగూను నగరములో సగమునకు మించి భారతీయులే. మన పల్లెలలో ఆ నగరమునకు 'రంగము' అని ముద్దుపేరు. ఐనను నాటకప్రియులకు దాని పేరు చెప్పగనే జ్ఞప్తికి వచ్చునది 'రంగూన్ రౌడీ' నాటకమే. రౌడీ పేరు నిలిచినది. బియ్యపు బస్తాలు మోసిన కూలీ పేరు నిలువలేదు.

ఈ విస్మృతివలన కలిగిన నష్టమేమనగా, 'అక్రమ వలస' అను మాట వినినంతనే దానిని పరుల దోషముగా దలచుచున్నాము.

1930 మే నెలలో తెలుగు రేవుకూలీలు కూలి పెంచుమని పని మానగా, యజమానులు బర్మీయులను పిలిచిరి. సమ్మె ముగియగనే వారిని పొమ్మనిరి. ఆ కడుపుమంట తెలుగువారిమీదికి మరలి నెత్తురు పారెను. బర్మీయుని బాధ అబద్ధము కాదు. కాని దానికి కారకులు, బయానా యిచ్చి కూలీని ఋణబద్ధుని జేసిన మేస్త్రీయు, చౌకశ్రమ కోరిన యజమానియు. భారతీయుల శ్రమ బర్మీయుల శ్రమకు తోడుగా నుండెనే కాని బదులుగా రాలేదని 1941 నాటి బాక్స్టర్ నివేదిక అభిప్రాయపడినది.

1937 ఏప్రిల్ 1 వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో భాగమే. ఆ దినమున సరిహద్దు పుట్టినది. 1942లో జపానీయుల దండయాత్రకు వెరచి లక్షలమంది కొండలు, అడవులు దాటి నడచి వచ్చిరి. 1947 చట్టముతో అనుమతిపత్రము లేక మరల పోవుట నేరమయ్యెను. 1964లో అంగళ్లు జాతీయము కాగా, మిగిలినవారిలో ననేకులు ఓడలెక్కి మద్రాసు చేరిరి. హార్బరు చెంతనున్న బర్మా బజారు అందులకు సాక్షి. మనుష్యుడు మారలేదు, చట్టము మారినది.

నేడు మేస్త్రీ స్థానమున ఏజెంటు వెలసెను. వీసా గడువు దాటినవాడు జీతమెగవేసిన యజమానిపై ఫిర్యాదు చేయ జంకును. చేసినచో ముందు తానే పట్టుబడును. 2018లో కువైట్ ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించినపుడు తెలుగుజిల్లాల వారెందరో రిక్తహస్తములతో మరలిరి. 2019లో అమెరికా ప్రభుత్వమే పన్నిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయపు వలలో చిక్కినవారిలో పెక్కురు తెలుగు విద్యార్థులే.

ఏ దేశమునకైనను తన గడప దాటువారి లెక్క తెలిసికొను హక్కు కలదు. చట్టము మీరుట మంచిదని నే ననను. కాని కాగితము లేని కూలీ నోరెత్తజాలడు గనుకనే చౌక. ఆ చౌకదనము స్థానికుని కూలినిగూడ క్రుంగదీయును. అతనికి న్యాయమైన కూలి యిప్పించుట స్థానికునకును మేలే.

మన సంఘములు విదేశములలోని శ్రీమంతులను సత్కరించుట తగును. వారితోబాటు కోరంగీల మనుమలను గూడ పిలిచి, వారి యిండ్లలో నింకను చెప్పుకొను ముచ్చటలను వ్రాయింపవలెను. రానున్న సంచికలో అందులకు కొన్ని పుటలు కేటాయించిన చాలును.