‘ఖుదీ’కి ఇక్బాల్ చెప్పిన అర్థం - ఒక పరిశీలన

విశ్వాసం మనిషికి కొన్ని సూత్రాలను బోధించి ఊరుకోదు. తనను తాను ఏమని భావించుకోవాలో కూడా నేర్పుతుంది. అయితే ఒకే విశ్వాసం గలవారందరూ ఒకే మూసలో తయారు కారు. గ్రంథం ఒకటే అయినా, దానికి చెప్పుకొన్న అర్థాన్ని బట్టి వ్యక్తిత్వం రూపుదిద్దుకుంటుంది. డాక్టర్ ముహమ్మద్ ఇక్బాల్ (1877-1938) రచనలు ఇందుకు ప్రబల నిదర్శనాలు.

1915లో వెలువడిన పారశీక మస్నవీ ‘అస్రారె ఖుదీ’లో ఇక్బాల్ ఒక మాట అర్థాన్నే తిరగవేశారు. ‘ఖుదీ’ అంటే ఉర్దూలో అహంకారమనే అర్థం రూఢమై ఉండేది. దానిని ఆయన ఆత్మచైతన్యమనే అర్థంలో ప్రయోగించి, ఆ సంగతిని పీఠికలోనే స్పష్టం చేశారు. వ్యక్తి తన ఉనికిని దైవంలో లయింపజేసుకోవడమే పరమావధి అన్న భావన ముస్లిం సమాజాన్ని నిర్వీర్యం చేసిందని ఆయన వాదం. ఖుదీ వికాసానికి ఆయన సూచించిన మెట్లు మూడు: విధేయత, ఆత్మనిగ్రహం, దైవప్రాతినిధ్యం. వీటిలో మొదటిది విధేయత కావడం గమనార్హం. ఖుదీ అంటే విశృంఖలత్వం కాదని దీనివల్లనే విదితమవుతున్నది.

1929లో మద్రాసు, హైదరాబాదు, అలీగఢ్‌లలో ఆయన చేసిన ఉపన్యాసాలు 1930లో లాహోరులో పుస్తకరూపం పొందాయి. వాటిలో నాలుగవది మానవుని ‘అహం’ గురించినది. ఆకాశాలూ భూమీ పర్వతాలూ స్వీకరించ వెనుదీసిన ‘అమానత్’ను మానవుడు స్వీకరించాడని దివ్య ఖుర్ఆన్ (33:72) తెలుపుతున్నది. పూర్వ వ్యాఖ్యాతలలో అనేకులు దీనిని ధార్మిక విధులుగా వివరించారు. ఇక్బాల్ దానిని స్వేచ్ఛాయుత వ్యక్తిత్వంగా గ్రహించారు. బాధ్యత రెండింటా ఉన్నది. కాని మొదటి అర్థంలో మనిషి ఒక భారాన్ని మోసేవాడు. రెండవ అర్థంలో ఆ భారం తానే.

ఇంతవరకు ఆయన వ్యాఖ్యానం శక్తిమంతమైనది. చిక్కు మరొకచోట ఉన్నది. ‘అస్రారె ఖుదీ’ తొలి ముద్రణలో ఆయన హాఫిజ్ షీరాజీ కవిత్వాన్ని మత్తుమందుగా ఎంచి తీవ్రంగా ఖండించారు. ఖ్వాజా హసన్ నిజామీ ప్రభృతులు ఆక్షేపించగా వివాదం చెలరేగింది. మలి ముద్రణలో ఆ భాగం తొలగించబడింది. ఇక 922లో బాగ్దాదులో మరణశిక్షకు గురైన హల్లాజ్ విషయంలో జరిగింది వేరు. తొలిదశలో ఆయన పట్ల ఇక్బాల్‌కు సదభిప్రాయం లేదు. తరువాత ‘అనల్ హఖ్’ అన్న ఆయన పలుకును, వ్యక్తి దైవంలో లీనమైపోవడానికి కాక, ఆత్మ తన వాస్తవికతను చాటుకోవడానికి గుర్తుగా వ్యాఖ్యానించారు. 1932 నాటి ‘జావేద్ నామా’లో హల్లాజ్‌కు గౌరవస్థానమే లభించింది.

హల్లాజ్‌కు లభించిన ఈ పునర్వ్యాఖ్యానం హాఫిజ్‌కు ఎందుకు లభించలేదు? వ్యక్తిత్వాన్ని బలపరచేది మంచిది, బలహీనపరచేది చెడ్డది అన్నది ఇక్బాల్ గీటురాయి. కాని ఆ ఫలితం కావ్యంలోనే కాక చదువరిలో కూడా ఉంటుంది. హాఫిజ్ చెప్పిన మధువును దైవప్రేమకు సంకేతంగా గ్రహించి, అందులో భక్తిని పొందినవారు తరతరాలుగా ఉన్నారు. వారి అనుభవాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం లోపమేనని చెప్పక తప్పదు.

ఈ లోపం వల్ల ఆయన మూలసూత్రం వీగిపోలేదు, మరింత కఠినమైంది. 1918 నాటి ‘రుమూజె బేఖుదీ’లో వ్యక్తి సమాజంతో ముడిపడినప్పుడే పరిపూర్ణుడవుతాడని ఆయనే బోధించారు. కనుక ఏ వ్యాఖ్యానమైనా ఇతర విశ్వాసుల అనుభవం ముందు పరీక్షకు నిలవాలి. వ్యక్తిత్వం అమానత్ అయినప్పుడు, దానిని తీర్చిదిద్దే వ్యాఖ్యానం కూడా అమానతే. మనిషి తన కర్మలకే కాదు, తాను చెప్పుకొన్న అర్థాలకు కూడా జవాబుదారీ.