సొంత బాణీకి ఎనిమిదేళ్లు

మన కోస్తా జిల్లాల వాళ్లు ఒకప్పుడు రేవు పనులకు ఓడలెక్కి వెళ్లిన బర్మాలోని రంగూనే ఇవాళ్టి యాంగోన్. ఆ ఊళ్లో 2004లో 'సైడ్ ఎఫెక్ట్' అనే బ్యాండ్ పుట్టింది. పాడేది డార్కో సీ. వాళ్ల తొలి ఆల్బమ్ 'రైనీ నైట్ డ్రీమ్స్' మాత్రం 2012లో గానీ రాలేదు. ఆ ఎనిమిదేళ్ల గురించే నా ఆలోచనంతా.

బర్మాలో అప్పటికి కొన్ని దశాబ్దాలుగా 'కాపీ తచిన్'దే రాజ్యం. పాశ్చాత్య పాట బాణీని ఉన్నదున్నట్టు తీసుకుని దానిమీద బర్మీస్ మాటలు కూర్చి పాడటం. చట్టం అడ్డు చెప్పేది కాదు. 1914 నాటి కాపీరైట్ చట్టమే 2023 దాకా నడిచింది, విదేశీ బాణీలకు అందులో రక్షణ లేదు. అలా పాడినవాళ్లను తక్కువచేసి చూడలేను. మన సినిమా పాటల్లోనూ ఎక్కడెక్కడి బాణీలో వచ్చి చేరాయి. పైగా 'ఐరన్ క్రాస్' లాంటి బ్యాండ్ల వాయింపు ముందు ఎవరైనా తల వంచాల్సిందే.

సైడ్ ఎఫెక్ట్ మాత్రం సొంత బాణీలే కట్టుకుంది. అదెంత కష్టమో నాకు కొంత తెలుసు, కాలేజీ రోజుల్లో నేనూ గిటార్ పట్టినవాణ్ణే. తెలిసిన పాట ఎత్తుకుంటే పల్లవి పూర్తికాకముందే జనం గొంతు కలుపుతారు. సొంత పాట మొదలుపెడితే ఎదురయ్యేది నిశ్శబ్దం. పాటను తయారు చేసుకోవడంతో పని అయిపోదు, దాన్ని వినేవాళ్లను కూడా తయారు చేసుకోవాలి. ఎనిమిదేళ్లు అందుకే పట్టాయని నేననుకుంటాను.

అది చాలదన్నట్టు, సైనిక పాలనలో ఆల్బమ్ బయటికి రావాలంటే పాటల సాహిత్యాన్ని ముందే సెన్సార్ వాళ్లకు చూపించాలి. వాళ్ల అనుమానాలకు అంతుండేది కాదు. ఐరన్ క్రాస్ గాయకుడు లే ఫ్యూ ఒక ఆల్బమ్‌కు 'పవర్ 54' అని పేరు పెడితే, యూనివర్సిటీ అవెన్యూలో ప్రతిపక్ష నేత ఆంగ్ సాన్ సూకీ ఇంటి నంబరు 54 అని గుర్తొచ్చి ఆ అంకె తీయించారు.

సైడ్ ఎఫెక్ట్‌కు దెబ్బ రెండోవైపు నుంచి కూడా తగిలింది. ఆల్బమ్ ఖర్చు కోసం ఇండీగోగో అనే చందాల వెబ్‌సైట్‌లో చందాలు అడిగితే ఎక్కడెక్కడివాళ్లో ఇచ్చారు. కానీ బర్మా మీద అమెరికా ఆంక్షలుండటంతో ఆ డబ్బు వాళ్ల చేతికి రాలేదు. జనరళ్ల మెడలు వంచడానికి పెట్టిన ఆంక్షలు ఆ జనరళ్ల సెన్సార్ కింద నలిగే కుర్రాళ్ల చందాను ఆపేశాయి. ఎంత తలచుకున్నా ఈ అన్యాయం నాకు మింగుడుపడదు.

అయినా ఆల్బమ్ వచ్చింది. 2013 మార్చిలో మెయిక్తిలా పట్టణంలో ముస్లింల మీద దాడులు జరిగి పదులమంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ఈ బ్యాండ్ ఆ ఊరి పేరుతోనే ఒక పాట కట్టింది. ఎవరి ప్రేమకోసమో పుట్టిన బాణీని అరువు తెచ్చుకుని ఆ పాట కట్టడం వాళ్లవల్ల అయ్యేది కాదు.